స్టేసీ అబ్రామ్స్ ఎలక్షన్లు, మా నాన్న లెక్కలు

మా ఇంట్లో రాజకీయాలు మాట్లాడుకునేటప్పుడు సంవత్సరాలు చెప్పుకోం, "స్టేసీ మొదటిసారి నిలబడ్డప్పుడు", "స్టేసీ రెండోసారి నిలబడ్డప్పుడు" అంటాం. అమెరికాలో మేముండే జార్జియా రాష్ట్రం బయట ఉండేవాళ్ళకి స్టేసీ అబ్రామ్స్ అంటే ఓటు హక్కుల గురించి టీవీల్లో మాట్లాడే ఆవిడ. మాకు మాత్రం 2018లో ఒకసారి, 2022లో ఒకసారి గవర్నర్ పదవికి పోటీ చేసి రెండుసార్లూ అదే మనిషి చేతిలో, బ్రయాన్ కెంప్ చేతిలో, ఓడిపోయిన లాయరమ్మ. లాయరమ్మ అనేది మా నాన్న పెట్టిన పేరు. గెలిచినవాళ్ళ గురించి ఎవరైనా రాస్తారు, నాకెందుకో ఈవిడ ఓడిపోయిన రెండు ఎలక్షన్లే ఎక్కువ గుర్తుంటాయి, అందులోనూ మొదటిది.

మన దగ్గర సీఎంకి డైరెక్టుగా ఓటెయ్యం కదా, ఎమ్మెల్యేకి వేస్తాం, ఆ ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఇక్కడ అలా కాదు, మన సీఎం లాంటి గవర్నర్‌కి రాష్ట్రం మొత్తం ఓటేస్తుంది, అట్లాంటాలో ఉన్నవాడూ వేస్తాడు, ఫ్లోరిడా బోర్డర్లో వేరుశెనగ పండించేవాడూ వేస్తాడు. 159 కౌంటీలు. ఒక నియోజకవర్గంలో గెలవడం వేరు, రాష్ట్రం మొత్తం మీద గెలవడం వేరు, అసెంబ్లీలో పదేళ్ళు కూర్చున్నవాళ్ళకి కూడా ఈ రెండో విద్య రావాలని లేదు. జార్జియాలో స్టేసీ పార్టీకి, అంటే డెమోక్రాట్లకయితే ఆ విద్య పోయి చాలాకాలం అయింది, 2002లో రాయ్ బార్న్స్ ఓడిపోయాక మళ్ళీ వాళ్ళ గవర్నర్ లేడు. ఆయనా లాయరే. 2014లో జిమ్మీ కార్టర్ మనవడు జేసన్ కార్టర్ నిలబడ్డాడు, ఆయనా లాయరే, స్టేట్ సెనేటర్, అంత పెద్ద ఇంటిపేరు ఉండి కూడా దాదాపు 2 లక్షల ఓట్ల తేడాతో పోయాడు.

2018 జూన్‌లో అమ్మా నాన్నా ఆరు నెలల కోసం వచ్చారు. అప్పటికి ప్రైమరీ, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఎలక్షన్, అయిపోయింది. డెమోక్రాట్ల ప్రైమరీలో ఇద్దరూ స్టేసీలే, ఇద్దరూ లాయర్లే, ఇద్దరూ జార్జియా అసెంబ్లీలో పనిచేసినవాళ్ళే, స్టేసీ అబ్రామ్స్, స్టేసీ ఎవాన్స్. మా ఆఫీసులో "నువ్వు ఏ స్టేసీ?" అని అడిగేవాళ్ళు. అబ్రామ్స్ 76 శాతంతో గెలిచింది, అమెరికాలో గవర్నర్ పోటీకి ఒక పెద్ద పార్టీ తరఫున నిలబడ్డ మొదటి నల్లజాతి మహిళ అయింది. నాన్న దిగీ దిగగానే ఇవన్నీ పేపర్లో చదివేసి, "ఏమ్మా, ఈవిడ ఏం ప్రాక్టీసు చేసింది, సివిలా క్రిమినలా?" అని అడిగారు. అదీ ఆయన మొదటి ప్రశ్న. ఆయన ముప్పై ఏళ్ళ పైన తెనాలి కోర్టులో ప్లీడరు గుమస్తాగా చేశారు, ఆయన దృష్టిలో లాయర్లు రెండు రకాలు, కాగితం చదివేవాళ్ళు, చదవనివాళ్ళు.

టాక్స్ లాయర్ నాన్నా అన్నాను. యేల్‌లో లా చదివి అట్లాంటాలో పెద్ద లా ఫర్మ్‌లో టాక్స్ చూసేది, 29 ఏళ్ళకే అట్లాంటా సిటీకి డిప్యూటీ అటార్నీ అయింది, 2006లో అసెంబ్లీకి గెలిచింది, 2011 నుంచి 2017 దాకా ప్రతిపక్ష నాయకురాలు. నాన్నకి బాగా నచ్చిన కథ మాత్రం వేరే. 2011లో రిపబ్లికన్లు ఇన్‌కం టాక్స్ కొంచెం తగ్గించి కేబుల్ మీదా ఇంకా కొన్నిటి మీదా టాక్స్ పెంచే బిల్లు తెచ్చారు, ఈవిడ కూర్చుని మొత్తం లెక్కగట్టి, చాలామందికి తగ్గేది కాదు పెరిగేదే అని కాగితం మీద పెట్టి, సభలో ప్రతి మెంబర్ బల్ల మీదా ఒక కాపీ పెట్టించింది. బిల్లు పోయింది. అరవలేదు, వాకౌట్ చెయ్యలేదు. నాన్న ఇది విని కాసేపు ఏం మాట్లాడకుండా, "ఈవిడ గుమస్తాకి పని తక్కువ పెట్టే రకం" అన్నారు. ఆయన నోటి నుంచి ఒక లాయర్‌కి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఇంకో కథ ఆవిడే మీటింగుల్లో చెప్పేది. 1991లో హైస్కూల్లో ఫస్ట్ వచ్చిన పిల్లలందరినీ గవర్నర్ ఇంటికి పిలిచారట, బక్‌హెడ్‌లో వెస్ట్ పేసెస్ ఫెర్రీ రోడ్డు మీద ఉంటుంది ఆ బంగళా, చుట్టూ పెద్ద ఇళ్ళు, అందరూ కార్లలో వస్తే వీళ్ళు అమ్మా నాన్నతో సిటీ బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళారు, గేటు దగ్గర గార్డు బస్సు వంక చూసి ఇది మీకు సంబంధించిన ఫంక్షన్ కాదు పొమ్మన్నాడు. వాళ్ళ నాన్న గట్టిగా మాట్లాడితే చివరికి లోపలికి పంపారు. లోపల గవర్నర్‌ని కలిసిందీ తోటి పిల్లలతో మాట్లాడిందీ గుర్తులేదట, గేటు దగ్గర నిలబడ్డది మాత్రమే గుర్తుందట. ఆ రోడ్డు మీద నుంచి వెళ్ళినప్పుడు అమ్మకి ఆ గేటు చూపించాను, అమ్మ కారు అద్దం దించి మరీ చూసింది.

మా ఇంటికి ఆ క్యాంపెయిన్ ఎలా వచ్చిందంటే, ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడ, రిటైర్డ్ టీచర్, మా సబ్‌డివిజన్‌లో ఎండలో తలుపులు కొట్టుకుంటూ వచ్చింది. చేతిలో ఫోన్, ఫోన్లో ఒక యాప్, ఆ యాప్‌లో మా వీధిలో ఏ ఇంట్లో ఎవరు ఓటరు, వయసెంత, పోయిన ఎలక్షన్లలో ఓటేశారా లేదా అన్నీ ఉంటాయి. ఎవరికి వేశారో ఉండదు, వేశారా లేదా అన్నది ఉంటుంది. నా పేరు చదవడానికి ప్రయత్నించి సగంలో ఆగి నవ్వేసింది. అమ్మ మజ్జిగ ఇచ్చింది, కరివేపాకూ అల్లమూ వేసిన మజ్జిగ, ఆవిడ ఒక గుక్క తాగి "ఇదేంటో కానీ ఇంకొంచెం పొయ్యి" అన్నట్టు గ్లాసు చాపింది. వెళ్ళేముందు నాతో ఒక మాట చెప్పింది, ఈ లిస్టులో మీ వాళ్ళ పేర్లున్న ఇళ్ళకి మేం వెళ్తే తలుపు తియ్యరు, నువ్వెళితే తీస్తారు అని. అంతే, తర్వాత శనివారం నుంచి నేను కూడా తిరిగాను. మాది జాన్స్ క్రీక్, పక్కనే సువానీ, కమ్మింగ్, ఆల్ఫరెట్టా, ఎటు చూసినా మనవాళ్ళే కదా.

నిజం చెప్పాలంటే మనవాళ్ళ ఇళ్ళకి ఓట్లడగడానికి వెళ్ళడం అంత సులువు కాదు. తలుపు తీస్తారు, కూర్చోబెడతారు, టీ ఇస్తారు, మీదే ఊరంటారు, ఆ తర్వాత అసలు విషయం దగ్గర తేలేది ఏంటంటే ఇంట్లో ఓటున్నది ఒక్కళ్ళకే, మిగతావాళ్ళు గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు. గమ్మత్తేంటంటే మా వాట్సాప్ గ్రూపుల్లో స్టేసీ గురించి, కెంప్ గురించి రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకునేవాళ్ళలో సగం మందికి ఓటే లేదు! ఉన్నవాళ్ళలో డాక్టర్లు, గ్యాస్ స్టేషన్లు ఉన్నవాళ్ళు టాక్సులు పెరుగుతాయని కెంప్ వైపు, ఐటీ వాళ్ళు చాలామంది ట్రంప్ వీసా గొడవల వల్ల ఇటు. ఒకాయన, ప్రకాశం జిల్లా ఆయన, "అమ్మా నువ్వు మనమ్మాయివి కాబట్టి చెప్తున్నా, నేను వాళ్ళకే వేస్తా, కానీ పకోడీలు తినివెళ్ళు" అన్నారు. తిన్నాను.

ఆ క్యాంపెయిన్‌లో నన్ను కట్టిపడేసింది పెద్ద పెద్ద స్పీచులు కాదు, లిస్టులు. జార్జియాలో అటూ ఇటూ మారే ఓటరు కోసం పరిగెత్తడం మానేసి అసలు ఓటే వెయ్యని వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి అన్నది ఆవిడ సిద్ధాంతం. దానికోసం 2013లోనే న్యూ జార్జియా ప్రాజెక్ట్ అని ఒక సంస్థ పెట్టి ఓటర్లని నమోదు చేయించడం మొదలుపెట్టింది. గవర్నర్‌గా నిలబడే ఐదేళ్ళ ముందు నుంచి! మన ఊళ్ళలో ఎలక్షన్ అంటే జీపులూ మైకులూ చూసిన నాకు, ఇలా ఒక్కో పేరు, ఒక్కో తలుపు, ఒక్కో టిక్కు మార్కు, చప్పుడు లేకుండా జరిగే ఎలక్షన్ కొత్తగా ఉండేది. మాట్లాడేది కూడా మెడికెయిడ్ గురించి, అంటే పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా గురించి, పల్లెటూళ్ళలో ఆస్పత్రులు మూతపడుతున్నాయి, ఫెడరల్ డబ్బులు తీసుకుని మెడికెయిడ్ పెంచుదాం అని, ఎక్కడికెళ్ళినా అదే. అవతల కెంప్ రిపబ్లికన్ల ప్రైమరీలో తుపాకీ పట్టుకుని, సొంత ట్రక్కులో నేరస్థులైన అక్రమ వలసదారుల్ని నేనే పట్టుకెళ్తా అనే టీవీ యాడ్‌తో పైకొచ్చాడు. ఆ యాడ్ చూసి అమ్మ "వీడు కూడా గవర్నరేనా" అంది. నాన్న మాత్రం "జనం దానికే కదా వేసింది, తక్కువ అంచనా వెయ్యకు" అన్నారు.

అప్పుల సంగతి ఒకటి. ఆవిడకి 2 లక్షల డాలర్లకి పైగా అప్పుందని బయటికొచ్చింది, స్టూడెంట్ లోన్లు, క్రెడిట్ కార్డులు, ఇన్‌కం టాక్స్ బాకీ 50 వేల పైన. టాక్స్ లాయరే టాక్స్ బాకీ! అవతలివాళ్ళు యాడ్లు వేశారు. ఈవిడ దాచలేదు, అమ్మా నాన్నలకి పంపాను, మేనకోడల్ని వాళ్ళే పెంచుతున్నారు, టాక్స్ వాయిదా వేసుకోవచ్చు క్యాన్సర్ మందులు వాయిదా వెయ్యలేం అని తనే చెప్పింది. అమెరికా వాళ్ళు ఏమనుకున్నారో కానీ మా ఇంట్లో మాత్రం ఇది ఆవిడకి ప్లస్సే అయింది. ఇంటికి డబ్బులు పంపి క్రెడిట్ కార్డు మీద నెట్టుకొచ్చిన రోజులు మనలో ఎవరికి లేవు చెప్పండి. ఇంకో పక్క లాయర్‌గా ఉన్నప్పుడే వేరే పేరుతో రొమాన్స్ నవలలు రాసిందని కూడా అప్పుడే తెలిసింది, అమ్మ ఆ ఒక్క ముక్కకి ఆవిడ పార్టీ అయిపోయింది, వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన తరం మరి.

అక్టోబర్లో అసలు గొడవ మొదలైంది. కెంప్ అప్పుడు జార్జియాకి సెక్రెటరీ ఆఫ్ స్టేట్, అంటే ఎలక్షన్లు జరిపించే పెద్ద ఆఫీసరు ఆయనే, పోటీ చేసేదీ ఆయనే, రాజీనామా చెయ్యలేదు. నాన్నకి ఇది ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు, "కేసులో పార్టీయే జడ్జి ఎలా అవుతాడే?" అని నన్ను అడుగుతారు, నేనేదో చేసినట్టు. అదే నెల్లో 53 వేల ఓటరు దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నాయని పేపర్లో వచ్చింది, అందులో దాదాపు 70 శాతం నల్లజాతి వాళ్ళవి. కారణం ఎగ్జాక్ట్ మ్యాచ్ అనే రూలు. దరఖాస్తులో పేరు, డ్రైవింగ్ లైసెన్స్ రికార్డులో పేరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, ఒక హైఫన్ లేకపోయినా, ఒక అక్షరం అటూ ఇటూ అయినా పక్కన పెట్టేస్తారు. ఐడీ చూపిస్తే పోలింగ్ రోజు ఓటెయ్యొచ్చు అని చెప్పారు కానీ పెండింగ్ అని ఉత్తరం వచ్చినవాడు అసలు లైన్లోకి వస్తాడా అన్నది ఆవిడ ప్రశ్న.

ఈ వార్త వచ్చిన రోజు మనవాళ్ళ గ్రూపులు మోగిపోయాయి. పేరు అక్షరం తేడా లేకుండా ఉండటం అంటే తెలుగువాడికి ఎంత పెద్ద పరీక్షో వేరే చెప్పాలా! ఇంటిపేరు ముందా వెనకా, టెన్త్ సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకోటి, వెంకట సాయి కలిపి రాస్తే ఒకలా విడదీస్తే ఒకలా, పెళ్ళయ్యాక భార్య పాస్‌పోర్టులో మొగుడి ఇంటిపేరు, లైసెన్సులో పుట్టింటి పేరు. దానికి తోడు కొత్తగా సిటిజెన్లు అయినవాళ్ళ లైసెన్స్ రికార్డులో ఇంకా సిటిజెన్ కాదనే ఉండేది, అలా ఆగిపోయినవాళ్ళు మూడు వేల పైన ఉన్నారు, ఎలక్షన్‌కి నాలుగు రోజుల ముందు, నవంబర్ 2న, ఫెడరల్ కోర్టు వీళ్ళు పోలింగ్ బూత్‌లోనే సిటిజెన్‌షిప్ కాగితం చూపించి ఓటెయ్యొచ్చు అని ఆర్డర్ ఇచ్చింది. మా ఫ్రెండు వాళ్ళాయన ఆ ఏడే ప్రమాణం చేశాడు, నేచురలైజేషన్ సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, లైసెన్సు, పెళ్ళి సర్టిఫికెట్టు, ఇంకా ఎందుకో కరెంటు బిల్లు కూడా ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో సర్దుకుని వెళ్ళాడు. ఎవరూ ఏమీ అడగలేదు, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు, కాస్త నిరాశగా కూడా ఉన్నాడు, ఇంత సర్దుకొస్తే అడగరేంటని.

చివరి వారం అయితే జాతరే. ఓప్రా విన్‌ఫ్రే మారియెట్టా వచ్చింది, డికేటర్ వెళ్ళింది, ఒబామా మోర్‌హౌస్ కాలేజీకి వచ్చాడు, రెండు రోజుల తర్వాత ట్రంప్ మేకన్‌లో కెంప్ కోసం మీటింగు పెట్టాడు. నేను ముందే ఓటేసేశాను, లైబ్రరీలో, అప్పట్లో పసుపు రంగు ప్లాస్టిక్ కార్డు ఇచ్చేవాళ్ళు, అది మెషీన్లో పెట్టి స్క్రీన్ మీద వేలు పెట్టి నొక్కడమే, కాగితం అనేది ఎక్కడా లేదు. బయటికి రాగానే పీచ్ పండు బొమ్మ స్టిక్కర్. నాన్న కారులో కూర్చుని ఉన్నారు, "రసీదు ఇవ్వలేదా?" అన్నారు.

నవంబర్ 6 రాత్రి నాన్న పేపరూ పెన్నూ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. కౌంటీ పేరు, ఇటు ఎంత, అటు ఎంత. పగలంతా గొడవల వార్తలే, స్నెల్‌విల్‌లో ఒక స్కూల్లో మెషీన్లకి పవర్ కార్డులు లేక బ్యాటరీలు అయిపోయి జనం గంటలకొద్దీ లైన్లో నిలబడ్డారు, అట్లాంటాలో ఒక బూత్‌లో పొద్దున్న మూడే మెషీన్లు. ఇంకో తమాషా, కెంప్ ఓటెయ్యడానికి వెళ్తే ఆయన కార్డే చెల్లదని చూపించిందట మెషీను, నాన్న దీనికి నవ్విన నవ్వు పక్కింటికి వినపడి ఉంటుంది. గ్విన్నెట్ కౌంటీ, ఒకప్పుడు రిపబ్లికన్ల కంచుకోట, స్టేసీ వైపు తిరిగింది. మా కాంగ్రెస్ సీటు కూడా చివరికి డెమోక్రాట్ లూసీ మక్‌బాత్‌దే అయింది. కానీ పల్లె కౌంటీలు వస్తున్న కొద్దీ నాన్న కాగితంలో అటువైపు అంకెలు లావవుతూ వచ్చాయి, పక్కనే ఉన్న ఫోర్సైత్ కౌంటీలో కెంప్‌కి 70 శాతం పైన. అర్ధరాత్రి దాటాక ఆవిడ వచ్చి ఇంకా లెక్కపెట్టాల్సిన ఓట్లున్నాయి అంది. జార్జియాలో ఎవరూ సగం దాటకపోతే రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఎలక్షన్, ఉంటుంది కాబట్టి ఆశ.

ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో వేరే మాట లేదు. చివరికి తేలింది, కెంప్ 50.2 శాతం, స్టేసీ 48.8 శాతం, తేడా 54,723 ఓట్లు. దాదాపు 40 లక్షల ఓట్లలో. కెంప్ సగం మీద దాటింది ఒక్క 0.2 శాతం. నవంబర్ 16న ఆవిడ మాట్లాడింది, కెంప్‌నే గవర్నర్‌గా ప్రకటిస్తారు, చట్టంలో ఇంక నాకు దారి లేదు, కానీ ఇది ఓటమి ఒప్పుకునే ప్రసంగం కాదు, ఒప్పుకోవడం అంటే జరిగింది న్యాయమని అన్నట్టే అని. నేను సోఫాలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నాన్న కొట్టలేదు. "అన్యాయం జరిగిందంటే రుజువుతో కోర్టుకెళ్ళాలి, లేదంటే ఓడానని చెప్పాలి, మధ్యలో నిలబడితే రేపు ఇంకొకడు ఇదే మాట అంటాడు" అన్నారు. ఆ రాత్రి మా ఇద్దరికీ పెద్ద వాదన అయింది, అమ్మ మధ్యలో లేచి వెళ్ళి పడుకుంది.

ఆయన అన్నది రెండేళ్ళకి జరిగింది. 2020లో బైడెన్ జార్జియాలో 11,779 ఓట్లతో గెలిచాడు, ట్రంప్ ఒప్పుకోలేదు, అప్పటి నుంచి రిపబ్లికన్లు ఎక్కడ దొరికితే అక్కడ మీ స్టేసీ మాత్రం ఒప్పుకుందా అని మొదలుపెట్టారు. నా దృష్టిలో రెండూ ఒకటి కాదు, గవర్నర్ కెంపే అని ఆవిడ ఆరోజే చెప్పింది, ట్రంప్‌లా ఎవరికీ ఫోన్ చేసి ఇన్ని ఓట్లు వెతికిపెట్టమని అడగలేదు. కానీ ఆవిడ చేతికి ఆ మచ్చ అంటుకుంది. కోర్టుకి కూడా వెళ్ళింది, ఆవిడ పెట్టిన ఫెయిర్ ఫైట్ అనే ఓటు హక్కుల సంస్థ తరఫున వేసిన పెద్ద కేసు నాలుగేళ్ళు నడిచి 2022 సెప్టెంబర్ 30న పోయింది, రూల్స్ రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నాడు జడ్జి. సరిగ్గా రెండో ఎలక్షన్ ముందు. నాన్న అప్పటికి తెనాలిలో ఉన్నారు, ఆయన నాకు ఫోన్ చెయ్యలేదు, అది ఆయన మంచితనం.

మధ్యలో మాత్రం ఆవిడ వెలిగిపోయింది. 2019 ఫిబ్రవరిలో, ప్రెసిడెంటు కాంగ్రెస్‌లో ఏటా చేసే ప్రసంగం ట్రంప్ చేస్తే, దానికి డెమోక్రాట్ల తరఫున జవాబు చెప్పింది, ఆ పని చేసిన మొదటి నల్లజాతి మహిళ. 2020లో బైడెన్ గెలుపుకీ, 2021 జనవరి 5న డెమోక్రాట్లు వార్నాక్, ఆసాఫ్ ఇద్దరూ సెనేట్‌కి గెలవడానికీ ఆవిడ పెంచిన ఆ లిస్టులే కారణమని దేశమంతా పొగిడింది. మా సబ్‌డివిజన్‌లో కూడా ఈసారి చాలామంది వచ్చారు పనికి, జూమ్‌లో కూర్చుని తెలుగులో ఫోన్లు చేశాం, "ఆంటీ మీ అబ్సెంటీ బ్యాలెట్ (పోస్టులో వేసే ఓటు) పంపారా" అంటే "పంపానమ్మా, మీ అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి" అని.

ఇంత చేసిన మనిషి 2022లో ఇంకా తేలిగ్గా గెలవాలి కదా. అక్కడే మొత్తం తిరగబడింది. ఈసారి ప్రైమరీలో పోటీనే లేదు, డబ్బు 100 మిలియన్ డాలర్లకి పైన వచ్చింది, టీవీ పెడితే ఆవిడే. అప్పులు తీరిపోయాయి, పుస్తకాలూ ప్రసంగాలతో మిలియన్లు సంపాదించిందని అవతలివాళ్ళ యాడ్లు. అప్పున్నప్పుడు తిట్టారు, తీరాక కూడా తిట్టారు, అది వేరే సంగతి. కానీ మా తలుపు ఆ ఏడు ఎవరూ కొట్టలేదు. మెసేజులు మాత్రం రోజూ, పేరు తప్పుతో సహా, డబ్బులు పంపమని, దేశమంతా పంపుతున్న అవే మెసేజులు.

కెంప్ కూడా 2018 కెంప్ కాదు. ఓట్లు తారుమారు చెయ్యమంటే ట్రంప్‌కి ఎదురు నిలబడ్డాడని పేరొచ్చింది, ట్రంప్ నిలబెట్టిన పర్‌డ్యూని ప్రైమరీలో చిత్తుగా ఓడించాడు. ఆపైన చేతిలో ప్రభుత్వం ఉంది. 2022 మార్చిలో పెట్రోలు మీద స్టేట్ టాక్స్ ఎత్తేశాడు, టాక్స్ రిఫండ్ అని మొగుడూ పెళ్ళాలకి 500 డాలర్లు, ఒంటరివాళ్ళకి 250 బ్యాంకులో వేశాడు, టీచర్లకి జీతం పెంచాడు. ఎలక్షన్ ముందు జనం ఖాతాలో డబ్బులు పడటం అంటే ఏంటో మనకి ఒకళ్ళు చెప్పాలా! మా పకోడీల ఆయన గ్రూపులో బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్ పెట్టి కింద ఒక దండం బొమ్మ పెట్టారు.

ఇటువైపు ఆవిడ నోరు జారింది. మే నెలలో గ్విన్నెట్‌లో ఒక డిన్నర్లో, వ్యాపారానికి నంబర్ వన్ అంటారు కానీ బతకడానికి మాత్రం దేశంలోనే అధ్వాన్నమైన రాష్ట్రం మనది అనేసింది. ఆవిడ చెప్పాలనుకున్నది తల్లుల మరణాల గురించి, మానసిక ఆరోగ్యం గురించి, కానీ అదంతా ఎవరు వింటారు, ఆ ఒక్క ముక్క నవంబర్ దాకా టీవీలో తిరిగింది. అంతకుముందు ఫిబ్రవరిలో ఒక స్కూల్లో పిల్లలందరూ మాస్కుల్లో, మధ్యలో ఈవిడ ఒక్కతే మాస్కు లేకుండా కూర్చున్న ఫొటో. 2021లో కొత్త ఓటింగ్ చట్టం గొడవలో బేస్‌బాల్ ఆల్‌స్టార్ మ్యాచ్ అట్లాంటా నుంచి డెన్వర్ వెళ్ళిపోతే, బహిష్కరించొద్దని ఈవిడ చెప్పినా సరే, ఆ నింద కూడా ఈవిడ మీదే వేశారు. మజ్జిగ తాగిన పెద్దావిడ చూపించిన ఆ క్యాంపెయిన్‌లో ఇలాంటివి ఎన్నొచ్చినా తట్టుకునేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. అప్పుడు జనం దగ్గరికి మనుషులు వెళ్ళేవాళ్ళు, ఈసారి టీవీ వెళ్ళింది.

ఓటేసే పద్ధతి కూడా మారింది, స్క్రీన్ మీద నొక్కాక కాగితం ప్రింట్ వస్తుంది, దాన్ని మనమే తీసుకెళ్ళి స్కానర్లో వెయ్యాలి. నాన్న అడిగిన రసీదు వచ్చింది కానీ చూడ్డానికి ఆయన లేరిక్కడ. పోలింగ్ లైన్లో నిలబడ్డవాళ్ళకి బయటివాళ్ళు మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదని ఆ 2021 చట్టం. నవంబర్ 8 రాత్రి పెద్దగా సస్పెన్సే లేదు. కెంప్ 53.4, స్టేసీ 45.9. దాదాపు 3 లక్షల తేడా. అదే రాత్రి ఆవిడ కెంప్‌కి ఫోన్ చేసి అభినందించింది, ఈసారి ఓటమి ఒప్పుకుంది. నాకు ఎక్కువ బాధేసింది ఇంకో అంకె చూసి, 2018లో ఆవిడకి వచ్చినదానికంటే ఈసారి లక్షా పదివేల ఓట్లు తక్కువ. అదే బ్యాలెట్ మీద, అదే రోజు, అదే పార్టీ వార్నాక్‌కి ఆవిడకంటే లక్ష పైన ఎక్కువ పడ్డాయి, ఆయన రనాఫ్‌కి వెళ్ళి గెలిచాడు. అంటే కెంప్‌కి వేసి వార్నాక్‌కి వేసినవాళ్ళున్నారు, మా వీధిలోనే ఉన్నారు, నాకు తెలుసు. అటూ ఇటూ మారే ఓటరు జార్జియాలో లేడన్నది ఆవిడ లెక్క, ఉన్నాడని ఆవిడ ఓడాకే తేలింది.

2025 జనవరిలో ఇంకో వార్త. 2018లో న్యూ జార్జియా ప్రాజెక్ట్ రూల్స్‌కి విరుద్ధంగా, లెక్కలు చూపించకుండా ఆవిడ క్యాంపెయిన్ కోసం ఖర్చుపెట్టిందని స్టేట్ ఎథిక్స్ కమిషన్ 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది, సంస్థ తప్పు ఒప్పుకుని కడతామంది. ఈసారి నేనే తెనాలికి ఫోన్ చేసి చెప్పాను. టాక్స్ బిల్లు లెక్క ప్రతి బల్ల మీదా పెట్టించిన మనిషి మొదలుపెట్టిన సంస్థే లెక్కలు చూపించకపోవడం ఏంటి నాన్నా అన్నాను. ఆయన దాని గురించి ఏం మాట్లాడలేదు. "ఆవిడ మళ్ళీ ప్రాక్టీసు పెట్టుకోవచ్చుగా, బార్‌లో పేరుందా ఇంకా?" అని అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను, ఆ తర్వాత మాట అమ్మ బీపీ మీదకి మళ్ళింది.